ఎక్కడ తగిలింది?

కిందటి దసరాకు రాజురా వెళ్లినప్పుడు తమ్ముడు అటక మీది ట్రంకుపెట్టె దింపాడు. నాయనమ్మ వాడిన ఇత్తడి చెంబు, గనిలోకి వెళ్లేటప్పుడు నాన్న పెట్టుకునే టోపీ, వాటి అడుగున నా ఎనిమిదో తరగతి ఇంగ్లీషు నోటుపుస్తకం. అట్టను చెదలు తినేశాయి. లోపలి కాగితాలు పసుపుబారాయి కానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. ప్రతి పేజీని స్కేలుతో మూడు గడులుగా గీసుకున్నాను. మొదటి గడిలో ఒక ఇంగ్లీషు మాట. రెండో గడిలో దాని జత. మూడో గడి పైన మరాఠీలో ‘కుఠే లాగలం?’ అని ఉంది. ఎక్కడ తగిలింది అని దాని అర్థం.

నేల మీదే కూర్చుండిపోయాను. తమ్ముడు టీ తెచ్చి పక్కన పెట్టినా చాలాసేపు చూసుకోలేదు.

మా రాజురా ఇప్పుడు మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలో ఉంది. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసేదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా. నాయనమ్మ ఆసిఫాబాద్ నుంచి రాజురాకు కోడలిగా వచ్చినప్పుడు జిల్లా గడప కూడా దాటలేదు. ఆ తర్వాత ఆమె ఉన్న ఇంట్లోనే ఉంది, జిల్లా మారింది, రాష్ట్రం మారింది, బస్సు మీది అక్షరాలు మారాయి. ఆమె మాత్రం చివరిదాకా కార్తెలతోనే కాలాన్ని లెక్కపెట్టింది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బల్లార్పూర్ సంతకు వెళ్తే హిందీ. ఇంగ్లీషు అయిదో తరగతిలో మొదలయ్యేది. నేను ఎనిమిదిలోకి వచ్చింది 1983లో. ఆ ముందు ఏడాదే గడ్చిరోలి మా జిల్లా నుంచి విడిపోయింది కనుక భూగోళం పుస్తకంలో పటం తప్పు, సార్ చెప్పింది ఒప్పు అని రాసుకోవలసి వచ్చింది.

మా ఇంగ్లీషు సార్‌ది మహారాష్ట్రలోని అమరావతి వైపు. తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ తరగతిలో సగం మంది తెలుగు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమని ఆయనకు తెలుసు, మా మాటలంటే ఆయనకు అంతులేని ఆసక్తి. ఏప్రిల్‌లో ఒకరోజు వాతావరణం గురించి అయిదు వాక్యాలు రాయమన్నారు. వానకు ‘హెవీ రెయిన్’ అంటారని అప్పటికే తెలుసు కనుక నేను ఎండకు ‘హెవీ హీట్’ అని రాశాను. ఆయన కొట్టివేయలేదు. నన్ను నిలబెట్టి అడిగారు.

“ఎండ బాగా ఉంటే మరాఠీలో ఏమంటాం, బాళా?”

“కడక్ ఊన్, సార్.”

“టీ చిక్కగా ఉంటే?”

“కడక్ చహా.”

“మరి వాన?”

కడక్ పావూస్ అని ఎవరూ అనరు. నాకు నోట మాట రాలేదు. కడక్ అనే మాట ఎండతో, టీతో, ఇస్త్రీ చేసిన చొక్కాతో కుదురుతుంది, వానతో కుదరదు. ఇంగ్లీషులో ‘హెవీ’ వానతో, ట్రాఫిక్‌తో, ముక్కు కారే జలుబుతో కూడా కుదురుతుంది. ఎండ దగ్గర మాత్రం నిలవదు. అక్కడ ‘ఇంటెన్స్ హీట్’ అనాలి. ఎందుకు అని అడిగాను. “ఎందుకు అని లేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చూసి నేర్చుకోవాలి” అన్నారు. మాటను దాని పక్కన ఉండే మాటల వల్లే తెలుసుకోవాలని ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త 1957లో రాశాడని, అంతకుముందు ఆయన లాహోర్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషేనని నాగపూర్‌లో ఎంఏ చదివేటప్పుడు తెలిసింది. ఆ పేజీ దగ్గర నాకు రాజురా రేకుల కప్పు తరగతి గది వాసన వచ్చింది.

ఆ రోజే సార్ అడిగారు, “మీ తెలుగులో ఎండ ఏం చేస్తుంది?”

“దంచుతుంది, సార్.”

ఆయనకు అర్థం కాలేదు. నేను రెండు చేతులతో రోకలి పట్టుకున్నట్లు పట్టి పైకెత్తి కిందికి దించి చూపించాను. సార్ ముఖం వెలిగిపోయింది. బోర్డు దగ్గరికి వెళ్లి ‘ది సన్ బీట్స్ డౌన్’ అని పెద్ద అక్షరాలతో రాశారు. ఎక్కడో చలిదేశం వాళ్లు, ఏడాదిలో సగం రోజులు సూర్యుణ్ని వెతుక్కునేవాళ్లు, వాళ్లకు కూడా ఎండ పైనుంచి బాదుతున్నట్లే అనిపించింది చూడండి అన్నారు. నా పుస్తకంలో ఆ జంటకు ఎదురుగా మూడో గడిలో ‘మాడు మీద, నీళ్ల పంపు దగ్గర’ అని ఉంది.

ఆ మూడో గడి సార్ సొంత పద్ధతి. జత నేర్చుకుంటే చాలదు, అది ఒంటికి ఎక్కడ తగిలిందో రాయాలి. మరాఠీలో ‘లాగణే’ అన్నా మన ‘తగలడం’ అన్నా ఒకటే. ఊన్ లాగలం అంటారు, మనం ఎండ తగిలింది అంటాం. ఆయనకు అది ఎంతగా నచ్చిందంటే, మూడో గడిలో తెలుగులో రాసినా ఒప్పుకునేవారు. చదవలేకపోయినా ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవారు.

వేడి పేజీలు ఆరు నిండాయి. ‘స్కార్చింగ్ హీట్’ అంటే మాడ్చే ఎండ. దానికి ఎదురుగా ‘అమ్మ ఆరేసిన వడియాలు మధ్యాహ్నానికే’ అని ఉంది. ‘బ్లేజింగ్ సన్’ అంటే మండుటెండ. ‘స్టైఫ్లింగ్ హీట్’ అంటే ఊపిరాడనివ్వనిది. దాని పక్కన ‘నాన్న చెప్పాడు, గనిలో’ అని రాసి, కింద సార్ ‘నీకు తగలాలి’ అని మరాఠీలో రాసిన మాట ఉంది. తర్వాత ఒక రాత్రి కరెంటు పోయి, దోమలకు తలుపులన్నీ మూసుకుని పడుకున్నప్పుడు అది నాకూ తగిలింది. మర్నాడు పొద్దున్నే దిద్దుకున్నాను.

నాయనమ్మ ఏమనేదంటే, సూర్యుడు నిప్పులు చెరుగుతున్నాడు అనేది. చేటలో బియ్యం చెరిగినట్లు నిప్పులు చెరగడం. పైకి ఎగరేసి, కింద పడేదంతా మన నెత్తిన. ఆ మాటకు జత ఇంగ్లీషులో సార్‌కు దొరకలేదు. వారం రోజులు వెతికి, “మీ నాయనమ్మకు నమస్కారం చెప్పు” అన్నారు. చెప్పాను. నాయనమ్మ ఆ పూట ఎండు మిరపకాయలు తొడిమలు తీస్తూ చాలాసేపు తనలో తాను నవ్వుకుంది.

ఏప్రిల్‌లో మాకు పొద్దుటి బడి. మిగతా మహారాష్ట్రలో జూన్ మధ్యలో బడులు తెరుస్తారు, విదర్భలో ఎండకు భయపడి జూన్ చివరిదాకా ఆగుతారు. బడి చివరి రోజుల్లో సార్ నాగపూర్ పత్రిక తెచ్చి చంద్రపూర్ ఉష్ణోగ్రత చదివేవారు. దేశంలోకెల్లా ఎక్కువ వేడి నమోదైన ఊళ్ల వరసలో మా చంద్రపూర్ పేరు కనిపిస్తే పిల్లలందరం చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ చప్పట్ల మధ్యే ఉష్ణోగ్రతకు ఏ మాటలు జత అవుతాయో నేర్పారు. టెంపరేచర్ అంటే ఒక అంకె, అంకె కాలదు, చల్లారదు, కనుక ‘హాట్ టెంపరేచర్’ అనవద్దు, ‘హై’ అనో ‘లో’ అనో అనండి. అంకె ఎక్కుతుంది, దిగుతుంది. ‘రైజ్’, ‘డ్రాప్’, ‘ఫాల్’. ఒక్కసారిగా పడిపోతే ‘ప్లంజ్’, బావిలోకి దూకినట్లు. మరి చాలా పైకి వెళ్తే?

మమ్మల్ని బయటికి తీసుకెళ్లారు. పదిన్నర అయివుంటుంది. బొగ్గుకుప్పల వైపు ఆకాశంలో ఒక గద్ద తిరుగుతోంది. రెక్కలు చాచి ఉన్నాయి, ఒక్కసారి కూడా కొట్టడం లేదు. అయినా చుట్టు చుట్టుకూ పైకి పోతోంది. నేల కాగి, వేడిగాలి పైకి లేచి, దాన్ని మోసుకుపోతోందని చెప్పారు. “అది సోర్. టెంపరేచర్ సోర్స్ అని పత్రికలో చూస్తే ఈ గద్ద గుర్తు రావాలి.” ఇప్పటికీ నాకు అంతే. మూడో గడిలో ‘మెడ నొప్పి పుట్టేదాకా’ అని రాసుకున్నాను.

‘హీట్ వేవ్’ దగ్గర మాత్రం తరగతి అంతా గొడవ చేశాం. వేవ్ అంటే అల. మాలో సముద్రం చూసినవాళ్లు లేరు. మాకు తెలిసిన నీళ్లు వార్ధా నది, అది వేసవిలో రాళ్ల మధ్య సన్నటి పాయ. తెలుగులో వడగాడ్పు అంటాం, అది గాలి. హిందీలో లూ, అదీ గాలి. సార్ చెప్పారు, అల అంటే ఒకటి వచ్చి పోయాక మరొకటి వస్తుందని. వడగాడ్పు అనడానికి వాతావరణ శాఖకు ఒక లెక్క ఉందని తర్వాత చదివాను. మైదానంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, ఆ రోజుకు మామూలుగా ఉండవలసిన దానికంటే 4.5 డిగ్రీలైనా పెరిగితే వడగాడ్పు. 45 తాకితే మామూలుతో పనిలేదు, వడగాడ్పే. 47 తాకితే తీవ్రమైనది. నాయనమ్మకు ఈ అంకెలు అక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అనేది, జేబులో ఉల్లిపాయ వేసి బయటికి పంపేది. పక్కింటి మరాఠీ ఆజీ అదే రోజుల్ని నవతపా అనేది, తొమ్మిది రోజుల కాక. సూర్యుడు రోహిణిలోకి వచ్చిన రోజు నుంచే ఆమె లెక్క కూడా. ఇద్దరు ముసలమ్మలు రెండు భాషల్లో ఒకే తిథి చెప్పుకుని, ఒకే కుండలోంచి పచ్చిమామిడి పానకం పోసుకుని తాగేవారు.

ఆ నోటుపుస్తకంలో నన్ను ఇప్పటికీ వదలని పేజీ ‘కూల్, డ్రై ప్లేస్’. ఇది మందుసీసా మీద ఉండే మాట. నాయనమ్మకు దగ్గు మందు తెచ్చారు. దాని మీద చల్లని, పొడి చోట ఉంచాలని రాసి ఉంది. నేను చదివి చెప్పాను. నాయనమ్మ తీసుకెళ్లి నీళ్లకుండ కింది తడి ఇసుకలో సగం పాతిపెట్టింది. నేను, “నాయనమ్మా, పొడిగా ఉండాలి” అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

“బిడ్డా, మన ఊళ్లో పొడిగా ఉన్న చోటు ఎక్కడైనా చల్లగా ఉంటుందా?”

ఇల్లంతా తిరిగాను. నిజంగానే లేదు. చల్లదనం ఉన్న చోటల్లా తడి ఉంది. కుండ కింది ఇసుక. కిటికీకి కట్టి నీళ్లు చల్లే వట్టివేళ్ల తడక. నాన్న భుజాన ఉండే తడి తువ్వాలు. ఎదురింటి కూలర్ చుట్టూ కారే నీళ్లు. మా ఎండ పొడి ఎండ కనుక తడి ఇట్టే ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు వేడిని పట్టుకుపోతుంది. అందుకే మట్టికుండలో నీళ్లు అంత చల్లగా ఉంటాయి. ‘కూల్’, ‘డ్రై’ రెండూ కలిసి కూర్చోగల ఇళ్లు వేరే దేశంలో ఉన్నాయి. ఆ జంట అక్కడ పుట్టింది. సార్‌కు ఇది చెబితే ఆ పూట పాఠం ఆపేసి, పిల్లలందరినీ ఎవరింట్లో చల్లని చోటు ఎక్కడ ఉందో రాసుకు రమ్మన్నారు. నలభై మందిలో ఒక్కరు కూడా పొడి చోటు రాయలేదు.

పదో తరగతి సెలవుల్లో పిన్ని వాళ్ల దగ్గరికి విశాఖపట్నం వెళ్లాను. పత్రికలో 35 అని ఉంది. మాకు 45 అలవాటు కనుక ధైర్యంగా ఉన్నాను. కానీ అక్కడ చెమట ఆరదు. తడి తువ్వాలు కప్పుకుంటే ఒళ్లు ఇంకా జిగటగా అయింది. పిన్ని విసనకర్ర ఊపుతూ, “ఉక్కపోత” అంది. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో, అది ఒంటికి తెలిసింది ఆ మధ్యాహ్నం. ‘డ్రై హీట్’ పక్కన సార్ రాయించిన ‘హ్యూమిడ్ హీట్’ అనే జంటకు రెండేళ్ల తర్వాత మూడో గడి నిండింది.

జ్వరం పేజీ గురించి చెప్పకుండా ఉండలేను. ఆ ఏడాది ఆగస్టులో తమ్ముడికి బాగా జ్వరం వచ్చింది. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి “ఒళ్లు కాలిపోతోంది” అని ఏడుపు గొంతుతో అంది. పక్కింటి ఆజీ గడపలోంచే “తాప్ ఆలా కా?” అంది. మనకు తాపం అంటే వేడి, బాధ. వాళ్లకు తాప్ అంటే జ్వరమే. సార్ మా వీధిలోనే ఉండేవారు, కబురు విని పాదరసం థర్మామీటరు పట్టుకుని వచ్చారు. నాలుక కింద పెట్టి, దీపం దగ్గర తిప్పి తిప్పి చూశారు. 103. అలాంటి సమయంలో కూడా నన్ను పక్కకు పిలిచి, తమ్ముడి గురించి బడికి సెలవు చీటీ రాస్తే ‘హి ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్’ అని రాయమన్నారు. పిల్లవాడు కదలకుండా పడుకుని ఉన్నాడు, పరుగెత్తేది ఏమిటి? టెంపరేచర్ అందరికీ ఉంటుంది కదా, అది ఉందంటేనే జ్వరం ఎలా అవుతుంది? ఇవన్నీ అడగాలనిపించింది. అడగలేదు. రాత్రంతా అమ్మ తడిగుడ్డ మారుస్తూ ఉంటే నేను గిన్నెలో నీళ్లు మారుస్తూ కూర్చున్నాను. తెల్లవారుజామున 99కి దిగింది. మూడో గడిలో ‘నా అరచేతికి, తమ్ముడి నుదుటి నుంచి’ అని రాసి ఉంది. తమ్ముడికి దసరా రోజు అది చదివి వినిపించాను. వాడు ఏమీ అనలేదు, లేచి వెళ్లి నాకు మళ్లీ టీ పెట్టుకొచ్చాడు.

పొగలు కక్కుతున్న టీ. ‘పైపింగ్ హాట్’. కెటిల్ మూతిలోంచి ఆవిరి పిల్లనగ్రోవిలా ఊదుతుందే, ఆ చప్పుడులోంచి వచ్చిన మాట అని సార్ బల్లార్షా స్టేషన్‌లో చూపించారు. ‘ల్యూక్‌వార్మ్’ అంటే గోరువెచ్చన. మనకు గోరువెచ్చన అంటే పసిబిడ్డ స్నానం, గొంతు బాగాలేనివాళ్లకు తేనె కలిపిన నీళ్లు. వాళ్లకు గోరువెచ్చని స్వాగతం అంటే మనసులేని స్వాగతం. ఈ ఒక్క విషయంలో నేను నా భాష పక్షమే.

ఇక చలి పేజీ. డిసెంబరులో మాకు కూడా చలి ఉంటుంది. రాత్రిళ్లు పది డిగ్రీల దగ్గరికి దిగుతుంది, వీధి చివర చలిమంటలు వేస్తారు. కనుక ‘చిల్లీ నైట్’, ‘కోల్డ్ విండ్’ లాంటివి నిండిపోయాయి. జలుబు దగ్గర ఒక చిన్న అబ్బురం. ఇంగ్లీషులో మనిషి జలుబును పట్టుకుంటాడు, మనకు పడిశమే మనిషిని పట్టుకుంటుంది. నాకు పడిశం పట్టినప్పుడల్లా మన మాటే నిజమనిపిస్తుంది. కానీ ‘ఫ్రీజింగ్ కోల్డ్’, ‘సబ్‌జీరో టెంపరేచర్’, ‘బిటర్లీ కోల్డ్’ వీటి పక్కన నేను ఏవో ఊహించి రాశాను. సార్ వాటిని గీత గీసి కొట్టేశారు. ఒక్కొక్క దాని కింద ఎర్ర సిరాతో మరాఠీలో ‘నంతర్’ అని రాశారు. తర్వాత అని అర్థం. “నేనూ మంచు చూడలేదు, బాళా. నా గడి కూడా ఖాళీయే” అన్నారు. సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండు కొలతలూ మైనస్ 40 దగ్గర ఒకే అంకె అవుతాయని చెప్పింది కూడా ఆ రోజే. అంత చలి చూసినవాళ్లు తనకు ఉత్తరం రాయాలని అడిగారు.

2014 జనవరిలో కెనడాలోని ఎడ్మంటన్‌లో అమ్మాయి దగ్గర ఉన్నాను. మైనస్ 31. చెత్త సంచీ పారేసి రావడానికి తలుపు తీసి నాలుగడుగులు వేశాను. మొదట ముక్కు లోపల తెలిసింది. లోపలి వెంట్రుకలు ఒక్కసారిగా గట్టిపడి ముళ్లలా గుచ్చుకున్నాయి. తర్వాత చెవి అంచులు. ఎవరో పళ్లతో పట్టినట్లు. నాకు తెలియకుండానే నోట్లోంచి “ఎముకలు కొరికే చలి” అని వచ్చింది. ఆ రాత్రి నిఘంటువులో ‘బిటర్’ చూశాను. చేదు అనే అర్థం తర్వాత వచ్చిందట. ఆ మాట ‘బైట్’తో ఒకే వేరు నుంచి పుట్టింది, కొరికేది అని. ‘బిటర్లీ కోల్డ్’ అంటే కొరికే చలి. సూర్యుడు దంచే దగ్గర కలిసినట్లే చలి కొరికే దగ్గర కూడా ఆ భాష, మా భాష కలిశాయి. ఎనిమిదో తరగతి నుంచి నేను దాన్ని చేదు చలి అనుకుంటూ వచ్చాను. సార్‌కు చెప్పాలని చెయ్యి ఫోను మీదికి వెళ్లింది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు.

దసరా రోజు తమ్ముడి పెన్ను అడిగి తీసుకున్నాను. ‘బిటర్లీ కోల్డ్’కు ఎదురుగా ఆయన ఎర్రక్షరాల ‘నంతర్’ కింద రాశాను: ‘ముక్కు లోపల, చెవి అంచున. 2014 జనవరి. మైనస్ 40 కాదు సార్, 31.’

మా మేనకోడలు ఇప్పుడు ఎనిమిదో తరగతి. నా భుజం మీదుగా వంగి చదువుతూ, వెనక పేజీలో మిగిలిన ఖాళీ గడులు వేలితో లెక్కపెట్టింది. “అత్తా, ఇవి నేను రాయవచ్చా?” అంది. పెన్ను దానికి ఇచ్చి, ముందు తగలనివ్వు అన్నాను.